అల్గేరోలో నెప్ట్యూన్ గుహ: అమ్మానాన్నలతో 654 మెట్లు, నా అనుభవం

మే 13, మంగళవారం పొద్దున ఏడున్నర దాటాక ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. సముద్రం బాగాలేదు, ఈ రోజు పడవలు నడవవు అని. అప్పటికే అమ్మ స్నానం చేసి, పులిహోర కలిపి డబ్బాలో సర్దేసింది. నాన్న టోపీ పెట్టుకుని బాల్కనీలో నిలబడి ఉన్నారు. బయట ఎండ బ్రహ్మాండంగా కాస్తోంది. మబ్బు తునక లేదు.

"ఇంత ఎండ కాస్తుంటే పడవలు లేవేటే?" అంది అమ్మ.

ఆ వారమంతా మమ్మల్ని ఆడించిన ప్రశ్న అదే. ఇటలీలోని సార్డీనియా వెళ్లి ఈ నెప్ట్యూన్ గుహ చూద్దామనుకునే మనవాళ్లకు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు, ఎక్కడ ఎంతసేపు ఆగాల్సి వస్తుందో తెలియాలని ఇది రాస్తున్నాను. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

అల్గేరో సార్డీనియా ద్వీపానికి వాయవ్య మూల ఉంది. నేను మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మానాన్న విజయనగరం నుంచి వేసవికి వచ్చారు. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఏటా పిల్లల్ని విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కించి బొర్రా గుహలకు తీసుకెళ్లిన మనిషి. కొండ మొదట్లో, సముద్రం మీదికే తలుపున్న గుహ ఒకటుందని చెప్పగానే రోమ్ ఊసు మానేసి దీని గురించే అడగడం మొదలుపెట్టారు. ఫ్లైటు సోమవారం వెళ్లేట్టు, శుక్రవారం తిరిగొచ్చేట్టు తీసుకున్నాం.

గుహకు వెళ్లే దారులు రెండు. అల్గేరో రేవు నుంచి పడవలో వెళ్లి గుహ తలుపు దగ్గరే దిగడం ఒకటి. కాపో కాచా అనే కొండకొమ్ము మీదికి బస్సులోనో కారులోనో వెళ్లి, కొండ చరియకు తొలిచిన 654 మెట్లు దిగడం రెండోది. దిగినవన్నీ మళ్లీ ఎక్కాలి. లిఫ్టు లేదు, ఇంకో తోవ లేదు. ఆ మెట్లను 1954లో కట్టారు. అంతకుముందు పడవ ఒక్కటే దారి. అమ్మకు అరవై రెండేళ్లు, కుడి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. అందుకే ఆలోచించకుండా పడవకే బుక్ చేశాను. మనిషికి ఇరవై యూరోలు. గుహ టికెట్ వేరే. పడవ టికెట్‌లో గుహ కలిసి ఉండదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసుకోండి.

మెసేజ్ వచ్చాక రేవుకు వెళ్లి, పడవల కౌంటర్‌లో ఉన్నావిడతో మాట్లాడాను. రేపటికి మార్చమంటారా, డబ్బు వెనక్కి వేయమంటారా అని అడిగింది. రేపటికి మార్చమన్నాను. రేవులో నీళ్లు నిద్రపోతున్నట్టే ఉన్నాయి. గోడ దాటి కోట బురుజు మీదికి ఎక్కితే గానీ గాలి సంగతి తెలియలేదు. అక్కడ మైస్త్రాలే అని పిలిచే వాయవ్యపు గాలి, టోపీ ఎగరేసుకుపోయేంత. రాళ్లకు కొట్టుకున్న అల తుంపర రోడ్డు దాకా వచ్చి పడుతోంది.

బురుజు మీంచి చూస్తే అఖాతానికి అవతల కాపో కాచా పొడుగ్గా, వెల్లకిలా పడుకున్న మనిషిలా కనిపిస్తుంది. నిద్రపోతున్న రాక్షసుడు అంటారట ఆ ఊరివాళ్లు. అమ్మ చూసీ చూడగానే "కుంభకర్ణుడు" అంది. ఇక ఆ వారమంతా మా ఇంట్లో దాని పేరు అదే. "కుంభకర్ణుడి దగ్గర గాలి తగ్గిందేమో కనుక్కో" అనేది పొద్దున లేవగానే.

ఆ రోజంతా ఊళ్లోనే తిరిగాం. పాత ఊరి సందుల్లో పేర్ల పలకలు ఇటాలియన్‌లోనూ కటలాన్‌లోనూ ఉన్నాయి. 1354లో స్పెయిన్ వైపు నుంచి వచ్చిన కటలాన్‌లు ఊరిని పట్టుకున్నారు, వాళ్ల భాష ఇప్పటికీ ఇక్కడ మిగిలి ఉంది. నాన్న ప్రతి సందు పేరూ చదువుకుంటూ నడిచారు. అమ్మ మాత్రం ఎర్ర పగడాల దుకాణాల ముందు ఆగింది. ఆ తీరానికి పగడాల తీరమనే పేరుంది. ధరలు చూసి, మన ఊళ్లో జాతకానికి పెట్టుకునే పగడం ఉంగరాల లెక్క వేసి, చేతులు కట్టుకుని బయటికి వచ్చేసింది.

బుధవారం, అంటే 14న, గాలి తగ్గింది. ఊళ్లో ఆకు కదలడం లేదు. అయినా ఏడున్నరకు అదే మెసేజ్. గుహ నంబరుకు ఫోన్ చేస్తే మెట్ల దారి కూడా మూసి ఉందన్నారు. ఈసారి నాకు కోపమే వచ్చింది. మేం దిగిన ఇంటి యజమానురాలు, డెబ్బై దాటిన మనిషి, కాఫీ కలుపుతూ విషయం చెప్పింది. గుహ తలుపు నీటికి మీటరు ఎత్తున మాత్రమే ఉంటుంది. గాలి ఆగినా సముద్రం వెంటనే ఆగదు. దూరంనుంచి వచ్చే పెద్ద అలలు ఇంకో రోజు పైనే కొండకు కొట్టుకుంటూ ఉంటాయి. ఊరు అఖాతం లోపల ఉంది కాబట్టి మనకు తెలియదు. కొండ అవతలి మొహం తిన్నగా పడమటి సముద్రానికే ఉంది. ఊళ్లో ఎండ చూసి గుహ తెరిచారని అనుకోవడం ఎంత తప్పో అప్పుడు తెలిసింది. అల వస్తే మెట్లు దిగినవాళ్లు కూడా తలుపు దాటలేరు, అందుకే రెండు దారులూ మూసేస్తారు.

నాన్న ఊరుకోలేదు. "మూస్తే మూశారు, పైనించి చూసి వద్దాం రామ్మా" అన్నారు. అలా ఆ రోజు బస్సు సంగతి తెలుసుకోవడానికి పనికొచ్చింది.

బస్సు పార్కు పక్కన వీధిలోంచి తొమ్మిదింపావుకు బయల్దేరుతుంది. మే నెలలో పొద్దున ఆ ఒక్కటే. జూన్ నుంచి మధ్యాహ్నం కూడా వేస్తారు. టికెట్ బస్సెక్కక ముందే సిగరెట్ల కొట్లో కొనుక్కుంటే చవక, డ్రైవర్ దగ్గర కొంటే ఎక్కువ. దారి పొడుగునా పైన్ చెట్లు, పోర్తో కోంతె అఖాతం, ఆ తర్వాత మలుపులు తిరుగుతూ కొండ. యాభై నిమిషాలు పట్టింది. తిరుగు బస్సు మధ్యాహ్నం పన్నెండుకు. ఈ పన్నెండును గుర్తుపెట్టుకోండి, మరునాడు మా కథంతా దాని చుట్టూనే తిరిగింది.

కారు అద్దెకు తీసుకోలేదా అని అడుగుతారు. ఇటలీలో నివాసం ఏడాది దాటితే మన దేశపు లైసెన్స్ మీద బండి నడపకూడదు. నాకు ఇక్కడి లైసెన్స్ ఇంకా రాలేదు. టూరిస్టులుగా వచ్చేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, మన లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకుంటే చాలు.

పైన బస్సు దిగితే చిన్న పార్కింగు, ఒక కెఫే, మెట్ల మొదట్లో గేటు. గేటుకు తాళం, పక్కన మూసివేశాం అని బోర్డు. పిల్లల్తో అద్దె కార్లలో వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆ బోర్డు చదివి, మొహాలు వేలాడేసుకుని వెనక్కి వెళ్తున్నారు. ఒక జర్మన్ కుటుంబం ఆ రాత్రే ఫ్లైటు ఎక్కాలట. ఆ చిన్నపిల్ల గేటు పట్టుకుని ఏడుస్తుంటే అమ్మ తన సంచీలోంచి జీడిపప్పు బిస్కెట్లు తీసి ఇచ్చింది.

కానీ ఆ దృశ్యం మాత్రం గుహ మూసి ఉన్నా బస్సు చార్జీకి పది రెట్లు విలువైనది. సున్నపురాయి గోడ నిలువుగా నూరు మీటర్ల పైనే కిందికి దిగిపోతుంది. ఎదురుగా ఫొరదాదా అనే చిన్న దీవి, దాని కడుపులోంచి ఇటునుంచి అటు కన్నం. కింద అల ఒకటి మెల్లగా, ఏ తొందరా లేనట్టు వచ్చి, కొండ మొదట్లో ఒక్కసారి తెల్లగా లేచేది. శబ్దం మాత్రం ఆ తర్వాత క్షణానికి మా దాకా వచ్చేది. గాలి లేదు, ఎండ ఉంది, అయినా ఆ అల చూశాక తాళం ఎందుకు వేశారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నాన్న గేటు పక్కనుంచి వంగి మెట్లను చాలాసేపు చూశారు. చరియను పట్టుకుని మలుపులు మలుపులుగా దిగిపోతున్నాయి. సముద్రం వైపు నడుం ఎత్తు కూడా లేని గోడ. "రేపు తెరిస్తే నేను దిగుతాను" అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. బస్సులో వచ్చేటప్పుడు మాత్రం మోకాలు రాసుకుంటూ కూర్చుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శుక్రవారం ఫ్లైటు, మిగిలింది గురువారం ఒక్కటే. పడవలు తిరిగితే సమస్య లేదు. మెట్లు మాత్రమే తెరిస్తే? అమ్మకు తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి మళ్లీ చదివాను. అంతకుముందే ఉన్న జబ్బులకు వర్తించదు అని స్పష్టంగా ఉంది. మోకాలు అంతకుముందే ఉన్న జబ్బు. నూరు మీటర్ల చరియ మధ్యలో మోకాలు పట్టేస్తే ఎవరొస్తారు, ఎలా పైకి తెస్తారు, ఎంతవుతుంది అని లెక్కలు. అమ్మను పైన కెఫేలో కూర్చోబెట్టి మేమిద్దరం దిగొద్దామా అంటే, విజయనగరం నుంచి వచ్చిన మనిషిని గేటు దగ్గర వదిలేసి నేనెలా దిగేది?

15న పొద్దున ఏడున్నరకు పడవల మెసేజ్: పొద్దున ట్రిప్పులు లేవు, మధ్యాహ్నం సంగతి తర్వాత చెబుతాం. ఎనిమిదిన్నరకు గుహకు ఫోన్ చేశాను. తెరిచి ఉంది, మెట్ల మీదుగా రావచ్చు అన్నారు. ఇదీ తెలుసుకోవాల్సిన విషయమే. అల చిన్నదైతే గుహ తెరుస్తారు గానీ, పడవ గుహ తలుపు దగ్గరున్న ఆ కొద్దిపాటి రేవుకు ఆనించి మనుషుల్ని దింపాలంటే సముద్రం ఇంకా నెమ్మదించాలి. గుహ తెరిచిన రోజల్లా పడవ ఉంటుందనుకోకండి.

అమ్మ అప్పటికే స్పోర్ట్స్ షూ వేసుకుని కూర్చుంది. మిలాన్‌లో నేను కొనిచ్చినవి, అప్పటిదాకా చీర మీద ఏం బాగుంటాయి అని పక్కన పెట్టింది. ఈరోజు పంజాబీ డ్రెస్, మోకాలికి బెల్టు.

"అమ్మా, 654 మెట్లు."

"సింహాచలం మెట్లు ఎక్కలేదేటి నేను?"

"అది ముప్పై ఏళ్ల కిందటి మాట."

"ఎక్కడం కష్టమైతే రాత్రయ్యేదాకా ఎక్కుతాను. నాకేం బస్సు ఉంది?"

బస్సు ఉంది, సమస్య అదే. తొమ్మిదింపావు బస్సు పది దాటాక పైకి చేరుతుంది. గుహలోకి గంటకొక బృందాన్ని పంపిస్తారు. పది గంటల బృందం వెళ్లిపోయి ఉంటుంది, మనకు పదకొండుదే. అది ముగిసేసరికి పదకొండూ నలభై, నలభై ఐదు. పన్నెండు బస్సు అందుకోవాలంటే పావుగంటలో 654 మెట్లు ఎక్కాలి. వయసులో ఉన్నవాళ్లు పరుగులాంటి నడకతో ఎక్కుతారు, మా ముందు ఇద్దరు కుర్రాళ్లు అలాగే పరిగెత్తారు కూడా. అమ్మతో అసాధ్యం. ఇంటావిడ తనకు తెలిసిన టాక్సీ అతనితో మాట్లాడి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పైన పార్కింగుకు రమ్మని చెప్పింది. ఒక వైపుకు యాభై ఐదు యూరోలు. ఎక్కువే. కానీ ఆ మాట ఖాయం కాగానే నా గుండెల మీంచి బరువు దిగింది. వెనక గడియారం తరమడం లేదంటే మెట్లు ఎక్కే మనిషికి సగం ఓపిక వచ్చినట్టే.

గుహ టికెట్లు బస్సులోనే ఫోన్‌లో కొన్నాను. పెద్దలకు 14 యూరోలు. తెరిచారని ఫోన్‌లో ఖాయం చేసుకున్నాకే కొనండి.

దిగడం మొదలుపెట్టాం. పొద్దున పూట ఆ మొహం మీద ఎండ ఉండదు, పడమటి వైపు కాబట్టి. అదో పెద్ద వరం. మెట్లు అన్నీ ఒక ఎత్తున ఉండవు. కొన్ని జానెడు, కొన్ని అంతకన్నా తక్కువ, మధ్యలో వాలుగా చదును. అడుగు పడుతుందనుకున్న చోట పడదు, కాలు గాల్లో ఒక్క క్షణం వెతుక్కుంటుంది. మోకాలికి దెబ్బ అక్కడే. అమ్మ కాసేపటికి తనే ఒక పద్ధతి కనిపెట్టింది. కొండ వైపుకు తిరిగి, పక్కవాటుగా, ముందు కుడి కాలు దించి, ఎడమ కాలు దాని పక్కన చేర్చడం. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి నా భుజం మీద. నాన్న మాకు రెండు మెట్లు కింద, మమ్మల్ని పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు వెనక్కి తిరిగి చూస్తూ. పదిహేను నిమిషాల్లో దిగొచ్చని అంటారు. మాకు ముప్పై ఐదు పట్టింది. పదకొండు బృందానికి ఇంకా పది నిమిషాలు ఉండగా కిందికి చేరాం.

కింద టికెట్ కౌంటర్, సిమెంటు చప్టా. చప్టా తడి తడిగా ఉంది. కింద నీళ్లు లేచి పడుతున్న చప్పుడు కాళ్లలోంచి తెలుస్తోంది. జారుతుంది, చెప్పులతో వెళ్లకండి.

సుమారు నలభై మందిమి ఉంటాం. గైడ్ ముందు ఇటాలియన్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెబుతుంది. తలుపు దాటి నాలుగు అడుగులు వేయగానే అలల శబ్దం వెనక్కి తగ్గిపోయింది. చలేస్తుందని శాలువాలు తెచ్చాం. చలి లేదు, తేమ. నా కళ్లద్దాలకు ఆవిరి పట్టింది.

ముందు కనిపించేది సరస్సు. పేరు లా మార్మొరా. పొడవు నూట ఇరవై మీటర్ల దాకా, సముద్రపు మట్టానికే ఉన్న ఉప్పునీళ్లు. దీపాల వెలుగులో పైకప్పు అంతా నీళ్లలోకి దిగినట్టుంది. నీళ్లు ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే, ఎక్కడ రాయి ఆగి ఎక్కడ దాని నీడ మొదలైందో మొదట పోల్చుకోలేకపోయాను. పైనించి ఒక బొట్టు పడింది. వలయం ఒకటి విచ్చుకుంటూ వచ్చి స్తంభాల నీడలన్నిటినీ ఒక్కసారి వణికించి, మళ్లీ సర్దేసింది. మళ్లీ బొట్టు పడేదాకా అమ్మ అక్కడి నుంచి కదల్లేదు. గైడ్ ఆమె కోసం ఆగింది.

సార్డీనియా పటం గీసిన లా మార్మొరా పేరే సరస్సుకు పెట్టారని విని నాన్న మొహం వెలిగిపోయింది. పటాలు గీసినవాళ్లంటే ఆయనకు మొదట్నుంచీ గౌరవం. గుహను 18వ శతాబ్దంలో జాలర్లు కనిపెట్టారట. ఒకప్పుడు లోపల ఇసుక తిన్నె మీద సన్యాసి సీల్‌లు, అంటే మధ్యధరా సముద్రంలో ఉండే ఆ పెద్ద సముద్ర జంతువులు, పిల్లల్ని పెట్టుకుని ఉండేవట. ఇప్పుడు లేవు. అది విన్నప్పుడు అందరం కాసేపు నిశ్శబ్దమైపోయాం.

దారి సరస్సు ఒడ్డు వెంట, కమ్మీ పట్టుకుని నడిచేంత వెడల్పు. లోపల కూడా ఎక్కడం దిగడం ఉంటుంది, మోకాళ్ల సంగతి ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి. మనిషిని మించిన ఎత్తున్న ఒక రాతి దిబ్బ, పైన దొప్పలా గుంట. దానికి చర్చిలో పవిత్రజలం పెట్టే తొట్టి పేరు పెట్టారు. దొప్పలో చేరే మంచినీళ్లు పక్షులు వచ్చి తాగుతాయట. ఆ తర్వాత రాజభవనం అనే గది, అందులో నేలనూ పైకప్పునూ కలిపేసిన స్తంభాలు. ఇంకో గదిలో చర్చిలో వాయించే ఆర్గన్ గొట్టాల్లా నిలబడ్డ రాయి. పైకప్పు నుంచి లేసు తెరల్లా వేలాడేది ఇంకొకటి. పేర్లు పెట్టినవాళ్ల కళ్లకు వాళ్ల ఊరి వస్తువులే కనిపించాయి. అమ్మకు ఒక మూల వినాయకుడు కనిపించాడు. నాకూ చూపించింది, తొండం నిజంగానే ఉంది. బొర్రాలో శివలింగానికి దండం పెట్టినట్టే దానికీ దండం పెట్టుకుంది.

నాన్న గైడ్‌ను ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగారు. "పోటు వస్తే గుహ మునిగిపోదా?" మన భీమిలిలో పోటుకూ పాటుకూ మధ్య నీళ్లు ఎంత దూరం జరుగుతాయో ఆయనకు తెలుసు. గైడ్ ఆ ప్రశ్నకు సంతోషపడింది. ఈ తీరంలో పోటు పాటుల తేడా చాలా తక్కువ, ఇక్కడ తలుపు మూసేది పోటు కాదు, అల అని చెప్పింది. ఆ తర్వాత దీపం నీళ్లలోకి తిప్పి, అడుగున ఉన్న రాళ్లు చూపించింది. పైనుంచి బొట్టు పడితేనే ఇలాంటి రాళ్లు పెరుగుతాయి, నీళ్లలో పెరగవు. అంటే అవి పెరిగిన కాలంలో సముద్రం ఇంకా కిందుండేది. ఇదే కొండలో గ్రోత్తా వెర్దె అని ఇంకో గుహ ఉందనీ, కొత్తరాతియుగం మనుషులు తమవాళ్లను పాతిపెట్టిన చోటు ఇప్పుడు అందులో నీళ్ల కింద ఉందనీ చెప్పింది. నాన్న జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. ఆ వయసులో, ఆ మసక వెలుగులో, గోడకు ఆనుకుని నోట్సు రాసుకుంటున్న ఆయన్ని చూస్తే, టికెట్లకూ టాక్సీకీ పోసిన డబ్బు గురించి ఇక ఆలోచించాలనిపించలేదు.

లోపల నలభై నిమిషాలు. తలుపు దగ్గరికి వచ్చేసరికి వెలుతురు కళ్లలో గుచ్చుకుంది.

ఎక్కడం. అసలు కష్టం ఇదని అందరూ చెబుతారు, కానీ అమ్మ మోకాలికి దిగడమే ఎక్కువ నొప్పి, ఎక్కడం ఊపిరికి కష్టం. అరిగిన మోకాళ్లు ఉన్నవాళ్లు డాక్టరును అడిగేటప్పుడు ఈ తేడా చెప్పి అడగండి. ప్రతి మలుపులో కూర్చున్నాం. ఇంటినుంచి తెచ్చుకున్న గ్లూకోజ్ పొడి నీళ్లలో కలుపుకుని తాగింది. మా వెనక ఒక ఇటాలియన్ ముసలిజంట, వాళ్లూ మాలాగే మలుపుకు ఒకసారి ఆగుతున్నారు. ఆమె మా అమ్మను చూసి "పియానో, పియానో" (మెల్లగా, మెల్లగా) అంటే, అమ్మ "అవునమ్మా, మెల్లగానే" అని తెలుగులో జవాబిచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకే మలుపులో పక్కపక్కన కూర్చుని, మోకాళ్లు చూపించుకుని, ఎవరి భాషలో వాళ్లు మందుల గురించి మాట్లాడుకున్నారు. నేను నాన్నతో, ఆ పెద్దాయనతో పాటు నిలబడి సముద్రం చూశాను.

సగం దాటాక ఒకచోట అమ్మ ఆగిపోయింది. మొహం తెల్లబడింది. "కాసేపాగు" అంది, అంతే. నాకు చెమటలు పట్టాయి, రాత్రి చదివిన ఇన్సూరెన్స్ కాగితం కళ్ల ముందు కదిలింది. నాన్న పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా టోపీతో విసిరారు. ఏడెనిమిది నిమిషాలకు రంగు వచ్చింది. "పొద్దున ఏమీ తినకుండా వచ్చాను కదా" అంది. గుహకు వెళ్తూ ఉపవాసం ఏమిటమ్మా అంటే, గురువారం కదా అంది. నాన్న జేబులో ఉన్న ఖర్జూరాలు బలవంతంగా తినిపించారు. ఆ తర్వాత బాగానే ఎక్కింది. మొత్తం యాభై ఐదు నిమిషాలు. చివరి మలుపుల్లో ఎండ మా మీదికి వచ్చేసింది. పదకొండు తర్వాత బృందంలో వెళ్లేవాళ్లు ఎండలో ఎక్కడానికి సిద్ధపడాలి, టోపీ, మనిషికి లీటరు నీళ్లు తప్పనిసరి.

పైన కెఫే పక్కన రాతి మీద కూర్చుని పులిహోర తిన్నాం. గురువారం సంగతి పక్కన పెట్టి అమ్మ కూడా తింది. ఆ ఇటాలియన్ జంటకు కాగితం ప్లేటులో పెట్టిచ్చింది. ఇంగువ వాసనకు ఆయన ముందు కొంచెం వెనక్కి తగ్గినా, ప్లేటు ఖాళీ చేశాడు. టాక్సీ ఒంటిగంటన్నరకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. రెండు గంటలకు ఫోన్‌కి పడవలవాళ్ల మెసేజ్ వచ్చింది, మధ్యాహ్నం ట్రిప్పులు మొదలయ్యాయని. అమ్మ చదివించుకుని విని, "రానియ్యి, మనం ఎక్కేశాం కదా" అంది.

ఖర్చు చెప్పాలంటే, ముగ్గురికీ గుహ టికెట్లు 42 యూరోలు, టాక్సీ 55, బస్సు కొద్ది యూరోలు. పడవ డబ్బు 60 వెనక్కి రావడానికి నెల దాకా పట్టింది. పది పనిదినాలు అన్నారు, రాలేదు. రెండుసార్లు మెయిల్ పెట్టి, రద్దు మెసేజ్‌ల ఫొటోలు జతచేస్తే అప్పుడు వేశారు, బుకింగ్ చార్జీ పట్టుకుని. ఆ మెసేజ్‌లు చెరిపేయకండి. వీలైతే ఆన్‌లైన్‌లో కాకుండా ఆ రోజు పొద్దున రేవు దగ్గరే పడవ టికెట్ కొనుక్కోండి, మే నెలలో ఖాళీలు ఉంటాయి. ఆగస్టులో ఆ మాట చెప్పలేను.

అల్గేరోలో కనీసం మూడు నాలుగు రాత్రులు ఉండేట్టు చూసుకుని, గుహను మొదటి రోజుకే పెట్టుకోండి. కుదరకపోతే వెనక రోజులు మిగులుతాయి. అమ్మ మోకాలు రెండు రోజులు వాచింది, ఐసు పెట్టి, పడుకునే ముందు ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గింది. మిలాన్‌లో డాక్టరుకు చూపించాం, కొత్త దెబ్బేమీ లేదన్నారు. నాన్న ఆ నోట్సును తెలుగులో సాపు చేసి, స్కూల్లో ఇప్పుడు సోషల్ చెబుతున్న తన పాత విద్యార్థికి వాట్సాప్‌లో పంపించారు. బొర్రాకు పిల్లల్ని తీసుకెళ్లే ముందు చదివి వినిపిస్తానని అతను రాశాడు.